తిరుపతి నుంచి ఓడ ప్రయాణం: ఇంటిల్లిపాదీ తక్కువ ఖర్చుతో వెళ్లి రావడం ఎలా?

"ఓడలో షికారా? అది మనలాంటి వాళ్లకు కాదులే." మా ఇంట్లో ఈ మాట చాలా ఏళ్లు నడిచింది. చివరికి పిల్లల పోరు పడలేక ఒకసారి వెళ్లాం. మా అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, పాప, బాబు. మొత్తం ఆరుగురం. తిరిగొచ్చాక ఖర్చు కూడితే గుండె గుభేల్‌మంది. అయినా పిల్లలు ఆ సముద్రాన్ని మరచిపోలేదు, మేమూ మరచిపోలేదు. అందుకే రెండేళ్లు ఆగి మళ్లీ వెళ్లాం. అదే ఆరుగురం, అవే రెండు రాత్రులు. ఈసారి మొదటి ఖర్చులో మూడో వంతు మిగిలింది. తిండి తగ్గించుకోలేదు, సరదా తగ్గించుకోలేదు.

డబ్బు టికెట్ దగ్గర పోయేది కొంతే. మిగతాది చిన్న చిన్న చిల్లుల్లోంచి కారిపోతుంది. ఆ చిల్లుల్లో చాలా వాటిని తిరుపతి దాటకముందే పూడ్చుకోవచ్చు. మేము చేసిన తప్పులతో సహా, వరసగా ఏం చేయాలో రాస్తున్నాను. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వాళ్లకూ ఇదే లెక్క పనికొస్తుంది.

ముందు గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్క రాయండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఇంటికి తాళం వేసినప్పటి నుంచి మళ్లీ తాళం తీసేదాకా అయ్యే ప్రతి ఖర్చుకూ ఒక గీత గీయండి. ఓడ టికెట్, ఓడరేవు చార్జీలు, సిబ్బందికి ఇచ్చే సర్వీస్ చార్జీ, జీఎస్టీ, చెన్నైకి రానూపోనూ, దారిలో తిండి, ఓడలో పైఖర్చులు, రేవులో దిగినప్పుడు తిరిగే ఖర్చు, కొత్త బట్టలు, మందులు.

ఈ గీతలు ఎందుకంటే, ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే ధర అసలు ధర కాదు. లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ చెప్తాను, ఇవి నిజమైన రేట్లు కావు. తలకు 20,000 అన్నారనుకోండి. నలుగురికి 80,000 అని మనం మనసులో ఖాయం చేసేసుకుంటాం. దాని మీద ఓడరేవు చార్జీలు, సర్వీస్ చార్జీ, పన్ను కలిపి తలకు ఇంకో 6,000 పడితే మొత్తం 1,04,000. ఆ 24,000 మన లెక్కలో లేనే లేదు. మొదటిసారి మేము తడబడింది ఇక్కడే. ఊళ్లో ఒక ఏజెంటు ఫోన్లో చెప్పిన అంకెను నమ్మి ఇంట్లో అందరికీ చెప్పేశాం. డబ్బు కట్టే రోజు అంకె మారింది. అప్పటికే పిల్లలు స్కూల్లో అందరికీ చెప్పుకున్నారు, ఇక వెనక్కి తగ్గే వీలు లేకపోయింది.

కాబట్టి ఎవరిని అడిగినా ఒకటే ప్రశ్న వేయండి: "అన్నీ కలిపి, మా అందరికీ, చివరి రూపాయి దాకా ఎంత?" జవాబు నోటితో వద్దు, వాట్సాప్‌లోనో మెయిల్లోనో రాతలో రావాలి.

ఎక్కడి నుంచి ఎక్కాలి?

మన అదృష్టం ఏమిటంటే చెన్నై రేవు మనకు నాలుగు గంటల దూరంలో ఉంది. హైదరాబాద్ వాళ్లకైనా ఈ సుఖం లేదు. 2022 జూన్‌లో కార్డేలియా అనే ఓడ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి తిరగడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది జూన్‌లో అదే ఓడ శ్రీలంకలోని హంబన్‌తోట, ట్రింకోమలి, కాంకేసంతురై రేవులకు కూడా వెళ్లింది. విశాఖలో కూడా 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఈ ఓడ ఏడాది పొడుగునా చెన్నైలో ఉండదు. ముంబై దాని సొంత ఊరు లాంటిది. నైరుతి రుతుపవనాలకు అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉండే నెలల్లో ఇటు బంగాళాఖాతం వైపు వస్తుంటుంది. అంటే మనకు అనువైన కాలం సాధారణంగా జూన్ చుట్టూ ఉంటుంది. ఆ ఏడాది చెన్నై తేదీలు ఏవో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకుని, దాన్ని బట్టి మిగతావి కదపండి.

ముంబై నుంచి టికెట్ కాస్త చౌకగా కనబడినా తొందరపడకండి. ఆరుగురు ముంబై వెళ్లి రావడం, అక్కడ ఒక రాత్రి హోటల్ కలిపితే ఆ చౌక ఎక్కడికక్కడే పోతుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా: విదేశీ రేవు లేని, రెండు మూడు రాత్రుల ప్రయాణం ఎంచుకోండి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డుతో పనైపోతుంది. పాస్‌పోర్టు, వీసా, విదేశీ ఇన్సూరెన్స్ ఏవీ ఉండవు. సముద్రం మీద ఇంట్లో ఎవరి ఒంటికి పడుతుందో, ఎవరికి పడదో కూడా తక్కువ ఖర్చులోనే తెలిసిపోతుంది.

తేదీ

వారాంతం రేటు వేరు, వారం మధ్యలో రేటు వేరు. శుక్రవారం బయలుదేరే ఓడకూ, సోమవారమో బుధవారమో బయలుదేరే ఓడకూ తేడా ఎంతో ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూడండి. వేసవి సెలవుల్లో అందరూ కదులుతారు, రేటూ కదులుతుంది. మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఆ తర్వాత రెండు వారాలు పోనిచ్చి చూస్తే మాకు మంచి ధర దొరికింది. పిల్లలకు రెండు రోజులు బడి పోయింది, టీచర్‌కు ముందే చెప్పి పెట్టాం. పదో తరగతి పిల్లలుంటే నేను ఈ సలహా ఇవ్వను.

ఆషాఢం కూడా దాదాపు ఆ రోజుల్లోనే వస్తుంది. పెళ్లిళ్లు ఉండవు, పత్రికలు ఉండవు, చదివింపుల ఖర్చు ఉండదు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి ఖాళీ దొరకాలంటే అంతకు మించిన నెల లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం మన వైపు తుఫాన్ల కాలం. అప్పుడు చౌకగా వచ్చినా పెద్దవాళ్లతో వెళ్లకపోవడమే మేలు.

ఎంత ముందు బుక్ చేయాలి? నెలల ముందు టికెట్ కోసం కాచుకోవడం మనకు కొత్తేం కాదు. 300 రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందు వదలడం, చూస్తుండగానే అయిపోవడం మన ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. ఓడలో కూడా ముగ్గురు, నలుగురు పట్టే క్యాబిన్లు, అంటే గదులు, తక్కువే ఉంటాయి, అవే ముందు అయిపోతాయి. చివరి వారంలో రేట్లు తగ్గుతాయని కాచుకోవడం ఇద్దరే వెళ్లే జంటలకు కుదురుతుంది. ఆరుగురితో ఆ పందెం కాయకండి.

క్యాబిన్: ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే

ఓడ టికెట్ లెక్క హోటల్ గది లెక్కలా ఉండదు. ఒక క్యాబిన్‌లో ఇద్దరు ఉంటారన్న లెక్కన తలకు ఇంత అని రేటు పెడతారు. అదే క్యాబిన్‌లో మూడో మనిషి, నాలుగో మనిషి చేరితే వాళ్లకు రేటు బాగా తగ్గుతుంది. గోడకు మడిచిపెట్టిన మంచం రాత్రికి కిందికి దించుతారు, నిచ్చెన వేస్తారు. మన రైల్లో అప్పర్ బెర్త్ లాంటిదే.

మొదటిసారి ఆ ఏజెంటు మాకు మూడు క్యాబిన్లు ఇచ్చాడు. "పెద్దవాళ్లకు ఒకటి, మీకు ఒకటి, పిల్లలకు ఒకటి, హాయిగా ఉంటుందమ్మా" అన్నాడు. నిజమే కదా అనుకున్నాం. ఆరుగురికీ పూర్తి రేటు పడిందని తర్వాత గానీ తెలియలేదు. పైగా పిల్లలు భయపడి రెండు రాత్రులూ మా దగ్గరికే వచ్చి పడుకున్నారు. మూడో క్యాబిన్‌లో మా సూట్‌కేసులు నిద్రపోయాయి.

ఇందాకటి అంకెలతోనే చూడండి. పూర్తి రేటు 20,000, మూడో మనిషికి 10,000 అనుకుందాం. మూడు క్యాబిన్లయితే 1,20,000. రెండు క్యాబిన్లయితే నలుగురికి పూర్తి రేటు 80,000, ఇద్దరికి తక్కువ రేటు 20,000, మొత్తం 1,00,000. పైచార్జీలు తలకు ఒకటే కాబట్టి వాటిలో తేడా రాదు. ఒక్క మాటకు 20,000 మిగిలింది.

ఇందులోనే ఇంకో కిటుకు ఉంది. ఆరుగురు రెండు క్యాబిన్లలో సర్దుకునేటప్పుడు నలుగురు, ఇద్దరు అని విడగొట్టినా, ముగ్గురు, ముగ్గురు అని విడగొట్టినా రేటు లెక్క ఒకటే. రెండిట్లోనూ నలుగురికి పూర్తి రేటు, ఇద్దరికి తక్కువ రేటు. క్యాబిన్ చాలా చిన్నది. నలుగురుంటే ఒకరు చొక్కా మార్చుకోవాలన్నా ముగ్గురు మంచాలెక్కాలి. అందుకని రెండోసారి పాపను అత్తమ్మ, మామయ్యలతో వేశాం, బాబు మాతో. పాప పై మంచం ఎక్కి, కింద నానమ్మతో కబుర్లు చెప్తూ నిద్రపోయింది. మా అత్తమ్మ ఇప్పటికీ ఆ రాత్రి గురించే చెప్తుంది.

ఇక కిటికీ సంగతి. లోపలి క్యాబిన్‌కు కిటికీ ఉండదు, అదే అన్నిటికన్నా చౌక. తర్వాత సముద్రం కనిపించే కిటికీ, ఆపైన బాల్కనీ, ఆపైన సూట్. రెండు రాత్రుల ప్రయాణానికి బాల్కనీ అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. సముద్రం చూడాలంటే పైన డెక్ మీద కావలసినంత ఉంది, అది అందరికీ ఉచితం. మోకాళ్ల నొప్పులతో మాటిమాటికీ పైకి రాలేని పెద్దవాళ్లు ఉంటే మాత్రం వాళ్లకు కిటికీ ఉన్న క్యాబిన్ తీసుకోండి. అక్కడ పిసినారితనం చేయకండి. మేము పెద్దవాళ్లకు కిటికీది, మాకు లోపలిది తీసుకున్నాం.

ఓడ ఊగడం గురించి చాలామంది భయపడతారు. కింది అంతస్తుల్లో, ఓడ నడిమధ్య ఉన్న క్యాబిన్లు తక్కువ ఊగుతాయి. పై అంతస్తుల్లో, ముందు వైపు ఉన్నవి ఎక్కువ ఊగుతాయి. రేటు చూస్తే సాధారణంగా పైనున్నవే ఎక్కువ. అంటే కడుపులో తిప్పే వాళ్లకు సరిపడేది చౌక క్యాబినే. లిఫ్టుకు దగ్గరగా ఉందో లేదో డెక్ ప్లాన్‌లో, అంటే ఓడ అంతస్తుల పటంలో చూసుకోండి.

క్యాబిన్ నంబర్ కంపెనీ ఇష్టానికి వదిలేస్తే ఇంకాస్త తగ్గించే పద్ధతి కూడా కొన్ని ఓడల్లో ఉంది. దాన్ని గ్యారంటీ క్యాబిన్ అంటారు. రెండు క్యాబిన్లూ పక్కపక్కన కావాలనుకునే కుటుంబాలు దాని జోలికి పోవద్దు.

డబ్బు కట్టే ముందు

కంపెనీ వెబ్‌సైట్‌లో ధర చూసి, తర్వాత ఇద్దరు ఏజెంట్లను అడగండి. అదే తేదీ, అదే రకం క్యాబిన్, అంతే మంది. ఏజెంట్లందరూ చెడ్డవాళ్లని నేను అనను. రెండోసారి మాకు తక్కువ ధర ఇచ్చింది కూడా ఒక ఏజెంటే. వయసు మళ్లినవాళ్లకు, ప్రభుత్వ ఉద్యోగులకు, మాజీ సైనికులకు తగ్గింపు ఏమైనా ఉందా అని నోరు తెరిచి అడగండి. అడగకపోతే ఎవరూ చెప్పరు.

రద్దు నియమాలు చదవండి. ప్రయాణం దగ్గరపడే కొద్దీ వెనక్కి వచ్చే డబ్బు తగ్గిపోతుంది, చివరి రోజుల్లో ఏమీ రాకపోవచ్చు. ఏ తేదీ దాటితే ఎంత పోతుందో నోటు పుస్తకంలో రాసుకోండి. వాతావరణం బాగోలేక ఓడ ఒక రేవుకు వెళ్లకపోతే టికెట్ డబ్బు మొత్తం వాపసు ఇవ్వరు, ఆ షరతు అన్ని ఓడల వాళ్ల కాగితాల్లోనూ ఉంటుంది. ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉంటే ఇంకా జాగ్రత్త. 24 వారాలు నిండాక చాలా ఓడల్లో ఎక్కనివ్వరు. ఆరు నెలలు నిండని పసిపిల్లలను కూడా సాధారణంగా ఎక్కనివ్వరు. రేవు దాకా వెళ్లి వెనక్కి తిరగడం కన్నా పెద్ద నష్టం ఉండదు.

ఈఎంఐ మీద వెళ్లొద్దు. నో కాస్ట్ అన్నదానిలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉండొచ్చు. ఏడాది ముందు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఆర్‌డీ మొదలుపెట్టండి. మేము నెలకు ఇంతని కట్టాం, పిల్లలు పండక్కి వచ్చిన డబ్బులు తెచ్చి అందులో వేయమన్నారు.

విదేశీ రేవు ఉంటే కాగితాలు

పాస్‌పోర్టుకు తిరుపతిలోనే సేవాకేంద్రం ఉంది. పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, మైనర్లకు 1,000. తొందరపడి తత్కాల్‌లో వేస్తే తలకు ఇంకో 2,000 అదనం. ఆరుగురికి 12,000 ఊరికే పోయినట్టే. కాబట్టి ఓడ గురించి ఇంట్లో మాట వచ్చిన రోజే పాస్‌పోర్టు పని మొదలుపెట్టండి. కొత్తగా తీసుకునే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, 60 దాటిన పెద్దవాళ్లకు ఫీజులో పది శాతం తగ్గింపు కూడా ఉంది. ఉన్న పాస్‌పోర్టులు బయటికి తీసి చూడండి. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది, ఇది చాలామంది మరచిపోతారు.

విదేశీ ప్యాకేజీ కొంటే అమ్మేవాళ్లు టీసీఎస్ అని, మన ఇన్‌కమ్‌టాక్స్ కింద ముందే కొంత డబ్బు పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు. ఇన్‌కమ్‌టాక్స్ రిటర్న్ వేసేటప్పుడు మన పన్నులో సర్దుకోవచ్చు, ఎక్కువైతే వాపసు వస్తుంది. అందుకే ఇంట్లో రిటర్న్ వేసేవాళ్ల పాన్ మీదే బుక్ చేయండి.

సింగపూర్ నుంచి ఎక్కాలనుకునే వాళ్లకు కొన్ని మాటలు. ఓడ సింగపూర్ దాటి వెళ్లి మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి వీసా రెండోసారి ప్రవేశానికి కూడా పనికొచ్చేదై ఉండాలి. వీసా ఫీజు 30 సింగపూర్ డాలర్లు, దాని మీద ఏజెంటు ఎంత వేసుకుంటున్నాడో అడగండి. అక్కడికి వెళ్లే ముందు నింపాల్సిన అరైవల్ కార్డు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగే సైట్లను నమ్మకండి. ఓడ ఎక్కే మెరీనా బే క్రూజ్ సెంటర్‌కు దగ్గర్లోనే మెట్రో స్టేషన్ ఉంది, టాక్సీ అక్కర్లేదు. విమానం మాత్రం ఒక రోజు ముందుదే తీసుకోండి.

చెన్నై దాకా

మొదటిసారి తిరుపతి నుంచి పెద్ద బండి మాట్లాడుకున్నాం. మనల్ని దించి ఖాళీగా తిరిగొచ్చే దూరానికీ మనమే కట్టాలి. టోల్, తమిళనాడు పర్మిట్, డ్రైవర్ బత్తా వేరే. మళ్లీ మూడో రోజు తీసుకురావడానికి అదే లెక్క ఇంకోసారి. రెండోసారి పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు. సప్తగిరి, గరుడాద్రి లాంటి రైళ్లు చెన్నై సెంట్రల్‌లోనే దించుతాయి, అక్కడి నుంచి రేవు నాలుగైదు కిలోమీటర్ల లోపే. సెంట్రల్ బయట రెండు ఆటోలు ఆరుగురికి సరిపోయాయి. బస్సు అయితే సాధారణంగా మాధవరంలో దిగాలి, అక్కడి నుంచి రేవుకు దూరం ఎక్కువ. చిత్తూరు వాళ్లకు కాట్పాడి దగ్గర. కాట్పాడి దాకా బస్సులో వెళ్లి అక్కడ రైలెక్కితే చెన్నైకి రోజంతా రైళ్లున్నాయి.

సొంత కారులో వెళ్లాలనుకుంటే ఓడలో ఉన్నన్ని రోజులు కారు ఎక్కడ పెట్టాలో, దానికి ఎంతో ముందే తేల్చుకోండి.

ఓడ ఎక్కే సమయం మధ్యాహ్నమైతే తెల్లవారుజామునే బయలుదేరి అదే రోజు చేరుకోవచ్చు. హోటల్ ఖర్చు ఉండదు. అయితే మొదటి రైలో మొదటి బస్సో పట్టుకోవాలి, తర్వాతది ఆలస్యమైతే ఓడ ఆగదు. అంత టెన్షన్ పడలేం అనుకుంటే ముందు రోజు సాయంత్రమే వెళ్లి చుట్టాలింట్లో దిగండి. చెన్నైలో చుట్టాలు లేని ఇల్లు తిరుపతిలో తక్కువే. చేతిలో లడ్డూ ప్రసాదం ఉంటే వాళ్లకూ సంతోషం.

వెబ్ చెక్-ఇన్ ముందే చేసుకుని, దొరికిన వాటిలో తొందరగా ఎక్కే సమయం ఎంచుకోండి. ఎక్కగానే మధ్యాహ్నం భోజనం ఓడలోనే ఉంటుంది, దానికి మనం ముందే డబ్బు కట్టేశాం. ఆలస్యంగా ఎక్కి, చెన్నై హోటల్లో ఆరుగురికి భోజనం కొనడం దేనికి?

ఏం సర్దుకోవాలి

మొదటిసారి మా బాబు పరిగెత్తుకుంటూ ఈతకొలను దగ్గరికి వెళ్లాడు. కాటన్ నిక్కరుతో దిగకూడదు అన్నారు. వాడి మొహం చూడలేక ఓడలోని దుకాణంలో పిల్లలిద్దరికీ ఈత బట్టలు కొన్నాం. మన గాంధీ రోడ్డులో కొనేదానికి ఎన్నో రెట్లు పెట్టాం. ఈత బట్టలు, టోపీలు, నల్ల కళ్లద్దాలు, చెప్పులు, ఎండకు రాసుకునే క్రీము ఇవన్నీ ఇక్కడే కొని పెట్టెలో పెట్టండి.

విందు రాత్రి కోసం కొత్తవి కొనకండి. బీరువాలో ఉన్న పట్టుచీర, పంచె చాలు. మా అత్తమ్మ ధర్మవరం చీరలో వస్తే ముంబై నుంచి వచ్చిన ఒకావిడ పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది.

జ్వరం, విరేచనాలు, వాంతుల మందులు, పెద్దవాళ్ల రోజువారీ మాత్రలు లెక్క కన్నా రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. ఓడలో డాక్టర్ ఉంటారు, కానీ ఫీజు మన వీధి డాక్టర్ ఫీజులా ఉండదు. కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర గురించి ఇక్కడే మీ డాక్టర్‌ను అడగండి. అది ఓడ ఎక్కకముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక అంతగా పనిచేయదు.

ఇంట్లో చేసిన తిండిని సాధారణంగా పైకి తీసుకెళ్లనివ్వరు. ఆవకాయ సీసా, పులిహోర డబ్బా సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతాయి. సీలు తీయని ప్యాకెట్ల సంగతి బుక్ చేసేటప్పుడే అడగండి. ఇస్త్రీ పెట్టె, కెటిల్ కూడా వద్దు.

ఓడలో: ఆ కార్డు మీద కన్నేసి ఉంచండి

ఎక్కగానే ఒక్కొక్కరికీ ఒక ప్లాస్టిక్ కార్డు ఇస్తారు. అదే తాళంచెవి, అదే గుర్తింపు, అదే పర్సు. ఏది కొన్నా కార్డు చూపిస్తే చాలు, జేబులోంచి నోటు తీయాల్సిన పని లేదు. ప్రమాదమంతా అక్కడే. నోటు చేతిలోంచి పోతుంటే మనసు ఆగుతుంది, కార్డు గీకుతుంటే ఆగదు. మొదటి ప్రయాణంలో మా పిల్లలు కొలను పక్కన కూర్చుని కూల్‌డ్రింకులు, రంగు రంగుల జ్యూసులు ఎన్నిసార్లు తెప్పించుకున్నారో మాకు తెలియదు. టికెట్‌లో భోజనం ఉంది కదా, ఇవీ ఉచితమే అనుకున్నారు పాపం. చివరి రోజు బిల్లు వచ్చింది. వరసగా పద్దులు, ఒక్కో పద్దు ఎదురుగా టైము. రాత్రి పదింబావుకు ఒకటి, పదిన్నరకు ఇంకొకటి.

రెండోసారి ఎక్కిన వెంటనే రిసెప్షన్‌కు వెళ్లి పిల్లల కార్డుల మీద కొనే వీలు తీసేయమని అడిగాం. ఒక్క నిమిషంలో అయిపోయింది. మీరూ అదే చేయండి.

ఏది టికెట్‌లో ఉందో, ఏది లేదో మొదటి గంటలోనే తెలుసుకోండి. మామూలుగా బఫే భోజనం, పెద్ద డైనింగ్ హాల్, మంచినీళ్లు, బఫే దగ్గర టీ కాఫీ, ఈతకొలను, చాలా వినోద కార్యక్రమాలు టికెట్‌లోనే ఉంటాయి. మద్యం, కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్లు, స్పా, క్యాసినో, కొన్ని షోలు, ఫొటోలు, వైఫై వేరే. ఓడ వాళ్ల ఫొటోగ్రాఫర్ అడుగడుగునా ఆపి ఫొటో తీస్తాడు. తీయించుకుంటే డబ్బు లేదు, ప్రింటు తీసుకుంటేనే డబ్బు. ఆరుగురం ఉన్న ఒక్క ఫొటో కొన్నాం, అది ఇప్పుడు హాల్లో ఉంది. దానికి పెట్టిన డబ్బుకు బాధ లేదు.

శాకాహారులకు ఇబ్బంది లేదు. మన ఇంటి రుచి మాత్రం ఉండదు, పనీరు, పప్పు, రోటీలే ఎక్కువ. మామయ్య మొదటి పూట కంచం ముందు పెట్టుకుని మౌనంగా కూర్చున్నారు. నేను కౌంటర్ దగ్గరికి వెళ్లి తెల్లన్నం, పెరుగు, ఉప్పు అడిగి తెచ్చి కలిపి ఇచ్చాను. అంతే, ఆయన మొహం విచ్చుకుంది. తర్వాత ప్రతి పూటా అక్కడి అబ్బాయే ఆయన్ని చూడగానే పెరుగు గిన్నె పక్కన పెట్టేవాడు. అడిగితే ఇస్తారు, అందుకని నచ్చలేదని డబ్బు పెట్టి వేరే రెస్టారెంట్‌కు పోకండి.

సర్వీస్ చార్జీ ముందే కట్టి ఉంటాం కాబట్టి ప్రతి ఒక్కరికీ మళ్లీ టిప్పు ఇవ్వాలని మొహమాటపడనక్కర్లేదు. ప్రత్యేకంగా మేలు చేసినవాళ్లకు మనసారా ఇవ్వండి. మేము ఆ పెరుగు అబ్బాయికి ఇచ్చాం.

తీరం దాటుతుండగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. లేకపోతే ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు వేలల్లో రావచ్చు. పెద్దవాళ్ల ఫోన్లు మీరే స్వయంగా మార్చండి. ఇంట్లో ఉన్నవాళ్లకు "రెండు రోజులు ఫోన్ కలవదు" అని ముందే చెప్పి వెళ్లండి.

రేవులో దిగినప్పుడు

ఓడ వాళ్లు అమ్మే టూర్లు సౌకర్యమే, కానీ తలకు ఇంత అని ఆరుగురికీ పడుతుంది. విశాఖలో దిగితే ఆ టూరు అవసరమే లేదు. మన భాష, మన ఆటో. ఆర్‌కే బీచ్, అక్కడే ఉన్న కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి చూసి రావచ్చు. శ్రీలంకలో అయితే ట్రింకోమలిలో కోనేశ్వరం గుడి, కాంకేసంతురై నుంచి జాఫ్నా వెళితే నల్లూరు కందస్వామి కోవెల పెద్దవాళ్లకు నచ్చుతాయి. నలుగురైదుగురు కలిసి వ్యాన్ మాట్లాడుకుంటే టూరు కన్నా తక్కువ పడొచ్చు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఓడ వాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మనంతట మనం వెళ్లి ఆలస్యమైతే ఆగదు. చివరి గడువుకు గంటన్నర ముందే రేవుకు చేరేలా చూసుకోండి. గుడి దూరంగా ఉండి, దారి తెలియకపోతే ఓడ టూరే తీసుకోండి, ఆ డబ్బు దండగ కాదు. ఇక ఒంట్లో ఓపిక లేకపోతే దిగకుండా ఓడలోనే ఉండిపోవచ్చు. అందరూ దిగిపోయాక కొలను ఖాళీగా ఉంటుంది, పిల్లలకు అంతకన్నా పండగ లేదు.

చివరి రాత్రి, చివరి ఉదయం

దిగే రోజు ఉదయం రిసెప్షన్ దగ్గర పెద్ద వరస ఉంటుంది. అందుకే ముందు రోజు రాత్రి భోజనం కాగానే వెళ్లి అప్పటిదాకా అయిన బిల్లు అడిగి తీసుకోండి. క్యాబిన్‌కు వచ్చి, కూర్చుని, ఒక్కో పద్దు చదవండి. మాకు రెండోసారి మేము తాగని రెండు కాఫీలు కనిపించాయి. చెప్తే అప్పుడే తీసేశారు. ఉదయం వరసలో నిలబడి వాదించే తీరిక ఎవరికీ ఉండదు. ఎక్కేటప్పుడు డిపాజిట్‌గా కార్డు మీద డబ్బు ఆపి ఉంటే, అది ఎన్ని రోజుల్లో వదులుతారో కూడా అప్పుడే అడిగేయండి.

ఉదయం టిఫిన్ ఓడలోనే తినేసి దిగండి. పిల్లలకు అరటిపండు లాంటివి అక్కడే తినిపించేయండి, కోసిన పండ్లు రేవు దాటించనివ్వకపోవచ్చు. బయట నిలబడి మొదటి రేటు చెప్పే ఆటోలను దాటి, సామాను లాక్కుంటూ రెండు నిమిషాలు నడిచి రోడ్డు మీదికి రండి. అక్కడ ఫోన్లో బండి బుక్ చేసుకుంటే మాధవరం బస్టాండుకు సగం ధరకే వెళ్లాం. మధ్యాహ్నానికి నగరి దాటాం, భోజనం వేళ కాస్త దాటాక ఇంట్లో ఉన్నాం. అత్తమ్మ చెప్పులు విప్పుతూనే చారు పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను నోటు పుస్తకం తీసి చివరి గీతలో బస్సు చార్జీ రాశాను.